‘డెత్’కి పెద్ద అక్షరం ఎందుకు? ఇంగ్లీషు సాహిత్యంలో క్యాపిటల్స్‌నీ అలంకారాలనీ చదివే పద్ధతి

డిగ్రీలో మాకు ఒక అమెరికన్ కవిత పాఠంగా ఉండేది. మొదటి పాదం చివర ‘డెత్’ అనే మాట, దానికి డి పెద్ద అక్షరం. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివిన నాకు క్యాపిటల్ గురించి తెలిసిన రూలు ఒక్కటే: వాక్యం మొదట్లో రాయాలి, పేర్లకి రాయాలి. ఇది వాక్యం మొదలు కాదు కాబట్టి పేరే అయ్యుండాలి. డెత్ అనే పెద్దమనిషి ఎవరో బండి ఆపి, కవయిత్రిని ఎక్కించుకుని తీసుకెళ్లాడని అనుకున్నాను. క్లాసులో అదే చెబితే తప్పని కూర్చోబెట్టారు. ఆ కవితని చాలా ఏళ్ల తర్వాత నిదానంగా మళ్లీ చదివాను. నా జవాబు సగానికి పైగా సరైనదే. అతను నిజంగానే పెద్దమనిషి, బండి ఆపింది నిజం, ఎక్కించుకున్నదీ నిజం. నాకు తెలియనిదల్లా ఆ పెద్దమనిషి చావు అన్న సంగతే.

ఆ రోజు నాకు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదనిపించిన పద్ధతిని ఇక్కడ మెట్టు మెట్టుగా రాస్తున్నాను. పోటీ పరీక్షలకి చదివేవాళ్లు, ఎం.ఏ. ఇంగ్లీషు విద్యార్థులు, ఊరికే ఇష్టంకొద్దీ ఇంగ్లీషు కవిత్వం చదువుకునేవాళ్లు, ఎవరికైనా పనికొస్తుంది.

మన ఇబ్బందికి ఒక కారణం మన లిపిలోనే ఉంది. తెలుగులో ‘అ’ ఎక్కడ రాసినా ఒకటే ‘అ’. స్కూల్లో పెద్ద ఏబీసీడీలు, చిన్న ఏబీసీడీలు అని రెండు వరసలు దిద్దించారు కానీ, ఆ తేడాకి గొంతు ఉంటుందని చెప్పలేదు. అందుకే మన కన్ను క్యాపిటల్‌ని స్పెల్లింగ్ సంగతిలా చూసి దాటిపోతుంది. ఈ వ్యాసమూ తెలుగు లిపిలోనే ఉంది కాబట్టి ఎక్కడ పెద్ద అక్షరం ఉందో ఎక్కడికక్కడ మాటల్లో చెబుతాను. వీలుంటే ఎమిలీ డికిన్సన్ కవిత ‘బికాజ్ ఐ కుడ్ నాట్ స్టాప్ ఫర్ డెత్’ని ఇంటర్నెట్‌లో తీసి పక్కన పెట్టుకోండి. ఆరు చిన్న చరణాలే. దీన్నే పట్టుకుని నడుద్దాం, అవసరమైన చోట వేరే పుస్తకాల్లోకి వెళ్లి వద్దాం.

మొదటి మెట్టు: నిఘంటువు ముట్టకుండా, పెన్సిల్‌తో

మొదటిసారి పైకి చదవండి. అర్థం కాని మాట దగ్గర ఆగకండి, టెన్షన్ పడకండి. రెండోసారి చదివేటప్పుడు పెన్సిల్‌తో రెండే గుర్తులు పెట్టండి. పెద్ద అక్షరంతో మొదలైన ప్రతి మాట చుట్టూ సున్నా చుట్టండి. ఉన్నదున్నట్టు తీసుకుంటే కుదరని మాటల కింద గీత గీయండి. ‘పంట చూస్తోంది’ అంటే కుదరదు, గీత. ‘ఇల్లు నేల ఉబ్బులా ఉంది’ అంటే కుదరదు, గీత.

చాలామంది ఇక్కడే తొందరపడతారు. గీత గీసిన వెంటనే దాని ‘అసలు అర్థం’ మార్జిన్‌లో రాసేస్తారు. ఇప్పుడే వద్దు. ముందు ఉన్నదున్నట్టు అర్థాన్ని తెలుగులో రాసుకోండి, అది ఎంత వింతగా ఉన్నా సరే. ఆ వింత పోకుండా ఉంటేనే తర్వాతి మెట్లలో పని జరుగుతుంది.

రెండో మెట్టు: మామూలు క్యాపిటల్స్‌ని ఏరేయడం

బియ్యంలో రాళ్లు ఏరినట్టు, సున్నా చుట్టిన మాటల్లోంచి రూలు ప్రకారం వచ్చినవాటిని కొట్టేయండి. వాక్యం మొదటి మాట పోతుంది. మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు, వారాలు, నెలలు పోతాయి. ‘నేను’ అనే ‘ఐ’ ఇంగ్లీషులో ఎప్పుడూ పెద్దదే, అదీ పోతుంది. పాత పద్ధతి ఇంగ్లీషు కవిత్వంలో ప్రతి పాదం మొదటి అక్షరమూ పెద్దదే. వాక్యం మధ్యలో ఉన్నా పాదం మారితే క్యాపిటల్ వస్తుంది, కాబట్టి ఆ వరసంతా కొట్టేయాలి. నవలల్లో అధ్యాయం మొదటి రెండు మూడు మాటలు పూర్తిగా పెద్ద అక్షరాల్లో ఉంటే అది అచ్చు వేసినవాళ్ల అలంకరణ, అక్కడ ఎవరూ అరవడం లేదు.

డికిన్సన్ మొదటి చరణంలో ఇలా ఏరితే మిగిలేవి నాలుగు: డెత్, క్యారేజ్, అవర్‌సెల్వ్స్, ఇమ్మోర్టాలిటీ. చావు, బండి, మేమిద్దరం, అమరత్వం. కథంతా ఆ నాలుగు మాటల్లో ఉంది చూడండి.

ఏరేటప్పుడు ఒక సూక్ష్మం గమనించాలి. రెండో పాదం ‘హీ కైండ్లీ స్టాప్డ్ ఫర్ మీ’ అని మొదలవుతుంది. అక్కడి ‘హీ’కి ఉన్న పెద్ద అక్షరం సాక్ష్యంగా చెల్లదు, పాదం మొదలు కాబట్టి. కానీ రెండో చరణం చివర ‘ఫర్ హిజ్ సివిలిటీ’ అన్నచోట ‘హిజ్’ పాదం మధ్యలో ఉంది, అయినా పెద్ద అక్షరమే. ఇది చెల్లుతుంది. ఇంగ్లీషు భక్తిగీతాల్లో, ప్రార్థనల్లో దేవుణ్ణి సూచించే ‘హీ’, ‘హిజ్’లకి చాలామంది క్యాపిటల్ వాడతారు. ఆ మర్యాదనే ఈమె చావుకి ఇచ్చింది. ఏరకుండా చదివితే ఇది కంటికి ఆనదు.

మూడో మెట్టు: ఏ సంవత్సరం? ఎవరి అచ్చు?

మిగిలిన ప్రతి క్యాపిటల్‌కీ అర్థం వెతికే ముందు పుస్తకం ఎప్పటిదో చూడండి. పదిహేడో శతాబ్దంలో, పద్దెనిమిదో శతాబ్దం మొదటి భాగంలో ఇంగ్లీషు అచ్చుల్లో నామవాచకాలకి విరివిగా క్యాపిటల్ వేసేవారు. జర్మన్‌లో ఇప్పటికీ ప్రతి నామవాచకమూ పెద్ద అక్షరంతోనే మొదలవుతుంది. ఇంగ్లీషులో ఆ అలవాటు పద్దెనిమిదో శతాబ్దం గడిచేకొద్దీ సన్నగిల్లింది. 1776 నాటి అమెరికా స్వాతంత్ర్య ప్రకటన చేతిరాత ప్రతిలో ‘లైఫ్’, ‘లిబర్టీ’, ‘హ్యాపీనెస్’ పెద్ద అక్షరాలతో ఉంటాయి. మొదటి మాటల్లో ‘కోర్స్’ కూడా పెద్దదే, పక్కనే ఉన్న ‘హ్యూమన్ ఈవెంట్స్’ చిన్నవి. ‘కోర్స్’ అంటే అక్కడ సంఘటనల క్రమం, అంతే. దానికి గూఢార్థం వెతికితే శ్రమ దండగ. అలాంటి పాత రచనల్లో క్యాపిటల్ కాలం అలవాటు.

పందొమ్మిదో శతాబ్దం మధ్యకి వస్తే లెక్క మారుతుంది. అప్పటికి దాదాపు అందరూ మానేశారు కాబట్టి, ఎవరైనా వాడితే అది వాళ్ల ఎంపిక.

ఇక అచ్చు సంగతి. డికిన్సన్ 1830లో మసాచుసెట్స్‌లోని ఆమ్హెర్స్ట్‌లో పుట్టి 1886లో అక్కడే చనిపోయింది. దాదాపు 1,800 కవితలు రాస్తే బతికుండగా అచ్చయినవి పది దాకా మాత్రమే. చనిపోయిన నాలుగేళ్లకి, 1890లో, మేబెల్ లూమిస్ టాడ్, థామస్ వెంట్‌వర్త్ హిగిన్‌సన్ కలిసి మొదటి సంపుటం తెచ్చారు. ఆ కాలపు పాఠకులకి వింతగా ఉంటుందని క్యాపిటల్స్ తగ్గించారు, ఆమె విరివిగా వాడిన అడ్డగీతలు మార్చారు. ఈ కవితకి ఆమె పెట్టని ‘ది చారియట్’ అనే పేరు పెట్టారు. ఒక చరణం మొత్తం తీసేశారు. స్కూలు దగ్గర పిల్లలు ‘స్ట్రోవ్’, అంటే పోటీపడి పెనుగులాడుతున్నారు అని ఆమె రాస్తే, ‘ప్లేడ్’, ఆడుకుంటున్నారు అని మార్చారు. 1955లో థామస్ జాన్సన్ సంపాదకత్వంలో చేతిరాతకి దగ్గరగా ఉన్న పాఠం వచ్చేదాకా చాలామంది చదివింది ఆ సరిదిద్దిన కవితనే. ఇప్పటికీ ఇంటర్నెట్‌లో రెండూ దొరుకుతాయి. మీ ముందున్న పాఠంలో ఐదే చరణాలు ఉంటే అది పాతది. క్యాపిటల్స్ గురించి ఆలోచించడానికి అది పనికిరాదు.

ఇంకో నిజం కూడా తెలిసి ఉండాలి. ఆమె చేతిరాతలో కొన్ని అక్షరాలు పెద్దవా చిన్నవా అని సంపాదకులే తేల్చుకోలేకపోయారు. కాబట్టి ఏ ఒక్క క్యాపిటల్ మీదా మేడ కట్టకండి. రెండు మూడు చోట్ల ఒకే దిక్కు చూపిస్తే నమ్మండి.

నాలుగో మెట్టు: ఈ క్యాపిటల్ ఏం పని చేస్తోంది?

ఏరగా మిగిలిన పెద్ద అక్షరాన్ని చిన్నది చేసి మళ్లీ చదవండి. ఏం పోయిందో వినండి. నా అనుభవంలో పోయేది సాధారణంగా నాలుగింటిలో ఒకటి.

ఒకటి, మనిషి పోతాడు. భావాన్ని మనిషిగా నిలబెట్టినప్పుడు క్యాపిటల్ ఆ మనిషికి పేరు పెడుతుంది. ఇంగ్లీషు కవి థామస్ గ్రే 1751లో అచ్చేసిన స్మశాన గీతం ‘ఎలిజీ రిటెన్ ఇన్ ఎ కంట్రీ చర్చ్‌యార్డ్’లో ‘యాంబిషన్’ పేదల కష్టాన్ని ఎగతాళి చేయకూడదని, ‘గ్రాండర్’, అంటే వైభవం, వాళ్ల చిన్న చరిత్రని చిన్నచూపు నవ్వుతో వినకూడదని అంటాడు. ఎగతాళి చేసేది, నవ్వేది మనుషులు. యాంబిషన్ అంటే పదవుల వెంట పడేవాళ్లందరూ కలిసి ఒక్క మనిషి అయ్యారన్నమాట. మనకిది కొత్త కాదు. దరిద్రదేవత, నిద్రాదేవి, ఆకలి తల్లి అంటూనే ఉంటాం. మనం ‘దేవి’, ‘తల్లి’ అని చేర్చే చోట ఇంగ్లీషువాళ్లు ఒక్క అక్షరం పెంచుతారు.

రెండు, పోయేది ఆ రచనా లోకంలోని ఒక సంస్థో, చట్టమో, చోటో అయ్యుండొచ్చు. జార్జ్ ఆర్వెల్ 1949లో తెచ్చిన నవలలో ‘మినిస్ట్రీ ఆఫ్ ట్రూత్’, అంటే సత్య మంత్రిత్వ శాఖ, ఉంటుంది. చిన్న అక్షరాలతో రాస్తే ‘నిజానికి సేవ’ అనే పాత అర్థంలోకి జారిపోగలదు. పెద్ద అక్షరాలు దానికి బోర్డూ గేటూ కాపలావాడూ పెట్టాయి. ఈ రకం సులువే, ఎక్కువ చెప్పక్కర్లేదు.

మూడు, పాత్ర గొంతు పోతుంది. నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. చార్లెస్ డికెన్స్ 1854 నాటి ‘హార్డ్ టైమ్స్’ నవల ఒక క్లాసురూములో మొదలవుతుంది. మొదటి మాటలే ‘నౌ, వాట్ ఐ వాంట్ ఈజ్, ఫ్యాక్ట్స్’. వాక్యం చివర్లో ఉన్న ఆ ఫ్యాక్ట్స్‌కి ఎఫ్ పెద్దది. ముందు కామా. ఒకసారి పైకి అనండి. కామా దగ్గర ఊపిరి బిగపట్టి, ఆ మాటని బెత్తంతో బల్ల మీద కొట్టినట్టు పలకాల్సి వస్తుంది. మాట్లాడుతున్న గ్రాడ్‌గ్రైండ్‌కి వాస్తవాలు మతం లాంటివి, మిగతావన్నీ పనికిరాని సరుకు. కాసేపటికి ఆయన ఒక పిల్లని పేరుతో పిలవకుండా ‘గర్ల్ నంబర్ ట్వెంటీ’ అంటాడు. అంటే, మనిషికి అంకె, వాస్తవానికి పెద్ద అక్షరం. డికెన్స్ ఆయన గురించి ఒక్క విమర్శ వాక్యం రాయకముందే మనకి ఆయన తెలిసిపోయాడు.

ఈ గొంతు పిల్లలదైతే మరోలా వినిపిస్తుంది. 1926లో వచ్చిన ఎ.ఎ. మిల్న్ పిల్లల కథల్లో ఎలుగుబంటి పూ తనని తాను ‘బేర్ ఆఫ్ వెరీ లిటిల్ బ్రెయిన్’ అని చెప్పుకుంటుంది. వెరీ, లిటిల్, బ్రెయిన్ అన్నిటికీ పెద్ద అక్షరాలే. చిన్న అక్షరాలతో రాస్తే ‘నాకు బుర్ర తక్కువ’ అనే దిగులు మాట. పెద్ద అక్షరాలతో అది బిరుదు. మన పెళ్లి శుభలేఖల్లో ‘మహారాజశ్రీ’, ‘చి. ల. సౌ.’ అని ముందు తగిలించినప్పుడు పక్కింటి పెద్దాయన, వాళ్లమ్మాయే ఒక్కసారిగా ఎలా ఎత్తుగా కనిపిస్తారో గుర్తు తెచ్చుకోండి. ఆ హోదాలో ‘అతిస్వల్పబుద్ధి’ అని రాయించుకున్నట్టు ఉంటుంది. అందుకే మనకి ఆ ఎలుగుబంటి మీద జాలికంటే ముద్దు ఎక్కువ వస్తుంది.

నాలుగు, కొన్నిసార్లు పోయేది బరువు మాత్రమే. మనిషీ కాదు, సంస్థా కాదు, గొంతూ కాదు, ఆ మాట దగ్గర కాస్త ఆగమని చెప్పడం. డికిన్సన్‌లో ‘క్యారేజ్’ అలాంటిదని నేననుకుంటాను.

క్యాపిటల్ ఇవ్వకపోవడం కూడా చూడాలి. రెండో చరణంలో ఆమె ‘మై లేబర్ అండ్ మై లీజర్ టూ’ పక్కన పెట్టానంటుంది. నా పనీ, నా తీరికా రెండూ. నామవాచకాలు దొరికితే వదలని కవయిత్రి ఇక్కడ ఆ రెండు మాటలకీ చిన్న అక్షరమే వాడింది. వెంటనే వచ్చే ‘సివిలిటీ’కి, ఆయన మర్యాదకి, పెద్దది. బతుకంతా నిండి ఉన్న పని, తీరిక ఆయన మర్యాద ముందు చిన్నవైపోయాయి. కాగితం మీద కంటికి కనిపించేలా చిన్నవైపోయాయి. ఇది గమనించిన రోజు నేను ఆ పేజీ తిప్పకుండా చాలాసేపు కూర్చున్నాను.

ఐదో మెట్టు: గీత గీసిన మాటకి మూడు ప్రశ్నలు

ఇక అలంకారాల సంగతి. దీనికి మనవాళ్లు వెయ్యేళ్ల కిందటే ఒక పద్ధతి తయారుచేసి పెట్టారు, ఇంగ్లీషు చదివేటప్పుడు దాన్ని వాడుకోం, అదే నా బాధ. పదకొండో శతాబ్దంలో కాశ్మీరానికి చెందిన మమ్మటుడు ‘కావ్యప్రకాశం’లో లక్షణ అనే శబ్దవృత్తికి, అంటే మాట తన నేరు అర్థం వదిలి దానితో సంబంధమున్న ఇంకో అర్థం ఇచ్చే తీరుకి, మూడు షరతులు చెప్పాడు. ఉదాహరణ ప్రసిద్ధమైనదే: ‘గంగాయాం ఘోషః’, గంగలో గొల్లపల్లె ఉంది. మొదటిది, ముఖ్యార్థానికి, అంటే ఆ నేరు అర్థానికి, అడ్డు రావాలి: నీళ్ల మీద పల్లె ఉండదు. రెండోది, ముఖ్యార్థంతో సంబంధం ఉండాలి: నదికి ఆనుకుని ఒడ్డు ఉంది, కాబట్టి పల్లె ఒడ్డున ఉంది. మూడోది, అలా అనడానికి రూఢి అయినా ఉండాలి, ప్రయోజనమైనా ఉండాలి. ‘గంగ ఒడ్డున’ అంటే చోటు మాత్రమే తెలుస్తుంది, ‘గంగలో’ అంటే ఆ చల్లదనం, ఆ పవిత్రత కూడా పల్లెకి అంటుకుంటాయి. అదీ ప్రయోజనం.

రోజూ చేసేదే ఇది. రోడ్డు మీద నిలబడి ‘ఆటో!’ అని కేకేస్తాం. వాహనానికి చెవులు లేవు, డ్రైవర్‌కి ఉన్నాయి. ఆయన వెనక్కి తిరిగి చూస్తాడు. ఇద్దరికీ లక్షణ అనే మాట తెలియకపోయినా పని జరిగిపోతుంది.

కాబట్టి గీత గీసిన ప్రతి మాటనీ ఇలా అడగండి: ఎక్కడ కుదరలేదు? దేనితో సంబంధం? ఎందుకిలా అన్నారు?

మూడో ప్రశ్నలో ముందు తేల్చుకోవాల్సింది రూఢా, ప్రయోజనమా అన్నదే. రూఢి అంటే అందరూ వాడి వాడి స్థిరపడ్డ నుడికారం. అది ఊహతో తేలదు, నిఘంటువు చూడాల్సిందే. ఇంగ్లీషులో భయపడ్డవాడి గుండె నోట్లోకి వస్తుంది. తెలుగులో గుండె జారిపోతుంది. ఒకరిది పైకి, ఒకరిది కిందికి, భయం మాత్రం ఒకటే. బొమ్మని బట్టి ఊహిస్తే ఇక్కడ దెబ్బ తింటాం. ‘కోల్డ్ ఫీట్’ అని చదివితే మనకి ప్రాణం మీదికొచ్చిన మనిషి గుర్తొస్తాడు. ఇంగ్లీషులో అది పెళ్లికో, ఏదైనా పెద్ద నిర్ణయానికో ముందు ఆఖరి నిమిషంలో వెనకాడటం. నిఘంటువులో వెతికేటప్పుడు ఆ మాటల్లో ముఖ్యమైన నామవాచకం దగ్గర చూడండి, నుడికారాలు సాధారణంగా ఆ పదం వివరణ చివర్లో ఉంటాయి. దొరికితే రూఢి. ఎక్కడా దొరకకపోతే సంతోషించండి, అది రచయిత సొంతంగా చేసిన మాట, ప్రయోజనం వెతకాల్సింది మీరే.

డికిన్సన్ మూడో చరణంలో ‘ఫీల్డ్స్ ఆఫ్ గేజింగ్ గ్రెయిన్’ అంటుంది. కళ్లప్పగించి చూస్తున్న పంట చేలు. ఏ నిఘంటువులోనూ లేదు. ఎక్కడ కుదరలేదు? పంటకి కళ్లు లేవు. దేనితో సంబంధం? కంకులన్నీ ఒకే ఎత్తున, ఒకే వైపు తలలు వంచి నిలబడతాయి, దారి పక్కన గుమిగూడిన జనంలా. ఎందుకిలా అంది? మన ఊళ్లలో శవయాత్ర వెళ్తుంటే అరుగుల మీద ఉన్నవాళ్లు చేస్తున్న పని ఆపి, లేచి నిలబడి, ఏమీ మాట్లాడకుండా చూస్తారు. ఆ చూపుని ఆమె పొలానికి ఇచ్చింది. ఇది ఎక్కడికి ప్రయాణమో ఆమె ఇంకా చెప్పలేదు, పొలానికి మాత్రం తెలిసిపోయింది. ఇది నా చదువు. మీకు వేరే ప్రయోజనం కనిపించొచ్చు. మూడు ప్రశ్నలకీ జవాబు ఉంటే అది కూడా నిలుస్తుంది.

రూఢిగా ఉన్న మాటనే కవి నిద్రలేపే సందర్భాలు ఉంటాయి, వాటిని జాగ్రత్తగా పట్టుకోవాలి. ఈ కవిత మొదటి రెండు పాదాల్లోనే ఒకటి ఉంది. ‘స్టాప్ ఫర్’ అంటే మామూలుగా దేనికోసమైనా పని ఆపడం, టీ కోసం ఆగినట్టు. చావు కోసం పని ఆపే తీరిక నాకు లేదు, అంటుంది మొదటి పాదం. రెండో పాదంలో అదే మాట, కానీ అర్థం వేరు: ఎవరినైనా ఎక్కించుకోవడానికి బండి ఆపడం. ఆమెకి ఆగే తీరిక లేదు కాబట్టి ఆయనే ఆగాడు. రెండు సాదా మాటలు, రెండు పాదాలు, వాటి మధ్యలో ఒక మనిషి పనుల్లోంచి లేచి బండెక్కడం.

ఆరో మెట్టు: దారం పట్టుకుని చివరిదాకా

ఒక్కో పోలికనీ విడివిడిగా విప్పి వదిలేయకండి. మంచి రచనలో ఒక పోలిక మొదలైతే దాని బంధువులంతా వస్తారు. బండి వచ్చిందంటే దారి ఉంటుంది, దారి పక్కన స్కూలు, పొలం, సూర్యాస్తమయం ఉంటాయి, చివర దిగే ఇల్లు ఉంటుంది. పెన్సిల్‌తో ఆ మాటల్ని గీతతో కలుపుకుంటూ వెళ్లండి.

ఇల్లు దగ్గర ఆగుదాం. ఐదో చరణంలో బండి ఒక ఇంటి ముందు నిలుస్తుంది. ఆ ఇల్లు ‘స్వెల్లింగ్ ఆఫ్ ది గ్రౌండ్’లా, నేల కాస్త ఉబ్బినట్టుగా కనిపిస్తుంది. పైకప్పు కనీకనిపించనంతగా ఉంది. కార్నిస్, అంటే గోడ పైభాగాన కప్పుకి ఆనుకుని ఉండే అంచు, నేలలోనే ఉంది. అది సమాధి. ఆ మాట మాత్రం ఆమె ఎక్కడా వాడలేదు. వాడి ఉంటే దారం తెగిపోయేది. బండిలో వచ్చినవాళ్లు ఇంటి ముందే దిగాలి కదా.

దారం పట్టుకున్నవాళ్లు సర్వనామాల మీద కూడా కన్నేసి ఉంచాలి. మూడో చరణం చివర ‘సెట్టింగ్ సన్’ని దాటాం అంటుంది. నాలుగో చరణం మొదట్లో దాన్ని సరిదిద్దుకుంటూ, కాదు కాదు, ‘హీ పాస్డ్ అస్’ అంటుంది. ఇక్కడి ‘హీ’ చావు కాదు, సూర్యుడు. అప్పటిదాకా ‘హీ’ అంటే బండివాడే కాబట్టి చాలామంది తడబడతారు. ‘అస్’కి కూడా ఇక్కడ పెద్ద అక్షరం ఉంది. కదులుతున్నది తామని అనుకున్నవాళ్లు ఆగిపోయారు, సూర్యుడే వాళ్లని దాటి వెళ్లిపోయాడు. ఆ వెంటనే మంచు కురుస్తుంది, చలి పుడుతుంది, ఒంటి మీదున్న గౌను సాలెగూడంత పల్చటిదని ఆమెకి తెలుస్తుంది. 1890 సంపుటంలో తీసేసినది ఈ చరణాన్నే. అది లేని కవితలో చలి లేదు.

ఏడో మెట్టు: మీ తెలుగులో ఒక్క వాక్యం

అర్థమైందో లేదో తెలుసుకోవడానికి నాకు తెలిసిన గట్టి పరీక్ష ఇదే. మొత్తం కవితని అనువదించక్కర్లేదు. పెద్ద అక్షరం ఉన్న ఒక్క వాక్యాన్ని తెలుగులో పెట్టండి. లిపిలో క్యాపిటల్ లేదు కాబట్టి దాని పనిని ఇంకో దానితో చేయించాలి. అప్పుడు ఆ పనేమిటో తప్పనిసరిగా తేల్చుకోవాల్సి వస్తుంది.

మొదటి రెండు పాదాలే తీసుకోండి. డెత్‌ని యముడు అంటే మగవాడు దొరికాడు, పేరు కూడా దొరికింది. కానీ యముడితో పాటు దున్నపోతు వస్తుంది, పాశం వస్తుంది, చిత్రగుప్తుడి లెక్కలు వస్తాయి. ఆమె ఎక్కింది గుర్రపు బండి, వచ్చినవాడు మర్యాదస్తుడు. మృత్యుదేవత అంటే ఆడమనిషి అయిపోతుంది. ‘చావు వచ్చింది’ అంటే ఉత్త సంఘటన. నేను చాలా రకాలుగా రాసి చూసి చివరికి ఇలా ఉంచుకున్నాను: ‘మృత్యువు కోసం ఆగే తీరిక నాకు లేకపోయింది, ఆయనే దయతో నా కోసం ఆగారు.’ మృత్యువుకి ‘అది’ అనాలి, వ్యాకరణం ప్రకారం ‘ఆయన’ కుదరదు. చదివేవాళ్లకి అక్కడ చిన్న కుదుపు తగులుతుంది. ఇంగ్లీషులో పెద్ద డి చేసే పని ఆ కుదుపే. ‘ఆగాడు’ అని ఉంటే బండి దొరికేది కానీ ‘సివిలిటీ’ దొరికేది కాదు. ‘ఆగారు’లో ఆ గౌరవం ఉంది.

గ్రాడ్‌గ్రైండ్ వాక్యాన్ని ‘నాకు కావలసినవి వాస్తవాలు’ అంటే చప్పగా ఉంది. ‘నాకు కావలసింది ఒక్కటే. వాస్తవాలు!’ అంటే బల్ల మీద దెబ్బ కొంత వినిపిస్తుంది. ఒక్కోసారి గౌరవవాచకం, ఒక్కోసారి వాక్యాన్ని విరవడం, ఒక్కోసారి సంస్కృత సమాసం. రచన మారితే పనిముట్టు మారుతుంది.

సాధనకి

పైన చెప్పిన గ్రే స్మశాన గీతంలోంచే ఇంకో చరణం తీసుకోండి, ‘క్యాన్ స్టోరీడ్ అర్న్’ అని మొదలవుతుంది. నాలుగు పాదాలు, రెండు ప్రశ్నలు. బొమ్మలు చెక్కిన అస్థికల పాత్ర గానీ, ప్రాణం ఉట్టిపడే శిల్పం గానీ పోతున్న ఊపిరిని దాని భవంతికి తిరిగి పిలవగలవా? ‘ఆనర్’ గొంతు మౌనంగా ఉన్న ధూళిని కదిలించగలదా, ‘ఫ్లాటరీ’ చావు మొద్దుబారిన చల్లటి చెవిని బుజ్జగించగలదా?

నేటి ప్రతుల్లో ఆనర్, ఫ్లాటరీ, డెత్ మూడూ పెద్ద అక్షరాలతో ఉంటాయి. ఫ్లాటరీ పాదం మొదటి మాట కాదు, దాని ముందు ‘ఆర్’ ఉంది, కాబట్టి సాక్ష్యం చెల్లుతుంది. ఆనర్‌కి గొంతు ఉంది, కాబట్టి మనిషే. డెత్‌కి చెవి ఉంది. కానీ ఇది డికిన్సన్ చావు లాంటి పెద్దమనిషి కాదు. ఆ చెవి ఎవరిదో వెతికితే, బండి తోలే చావు దగ్గరికి కాకుండా, పాడె మీద ఉన్న మనిషి దగ్గరికి వెళ్తారు. ఒకే మాట, ఒకే పెద్ద అక్షరం, పని మాత్రం వేరు.

‘డస్ట్’ దగ్గర గీత గీయండి, మూడు ప్రశ్నలూ వేయండి. తర్వాత ‘మాన్షన్’ దగ్గర ఆగండి. దానికి చిన్న అక్షరమే, కన్ను తేలిగ్గా దాటిపోతుంది. ఊపిరి ఒకప్పుడు కాపురమున్న ఆ భవంతి ఏదో, గ్రే దానికి అంత పెద్ద ఇంటి పేరు ఎందుకు పెట్టాడో ఒక్క వాక్యంలో తెలుగులో రాసి చూడండి.